ఎండకూ ఓ జీవో కాపీ

తిరుమలగిరిలో ఇల్లు కట్టే పెద్దమనిషి ముందు వాస్తు పంతులును పిలుస్తాడు, తర్వాత మేస్త్రిని. ఎండ ఎటు నుంచి వస్తుందని అడిగేవాళ్లుండరు. అది పిలవకుండానే వస్తుంది కదా! యజమాని పడకగది నైరుతిలోనే ఉండాలని పంతులు తేల్చేస్తాడు. మే నెలలో పొద్దు గుంకేదాకా పడమటెండ మోసేది ఆ గది గోడే. పూర్వం అక్కడ మూరెడు మందం మట్టిగోడ ఉండేది కాబట్టి చెల్లింది. ఇప్పుడున్నది ఆరించుల సిమెంటు ఇటుక. పగలంతా మింగిన వేడిని గోడా స్లాబూ కలిసి, సరిగ్గా యజమాని నడుం వాల్చే వేళకు కక్కుతాయి. అందుకని ఆ గదికి ఒకటిన్నర టన్నుల ఏసీ. అదీ వాస్తు ప్రకారమే, ఆగ్నేయం చూసి పెట్టారు.

తెలంగాణ సర్కారు ఊరుకుందా? 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఐదేళ్లలో రాష్ట్రమంతా కలిపి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబడాలట. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లకైతే జాగా 600 గజాలు, ఆపైన ఉంటేనే. మన దగ్గర 600 గజాల్లో నలుగురు అన్నదమ్ములు నాలుగిళ్లు కట్టి, మధ్యలో కొట్లాటకు కూడా కాస్త జాగా వదులుతారు. 150 గజాలవాడికి చల్లదనం వాడి ఇష్టం. ఎండకు కూడా ఆ జీవో కాపీ ఒకటి పంపితే బాగుండేది, గజాలు కొలుచుకుని దిగేది.

స్లాబుకు నాలుగు డబ్బాల తెల్లరంగు కొట్టించమంటే మా వీధి పెద్దమనిషి నవ్వాడు. "పైకప్పు ఎవలు చూస్తరు సార్? ఎలివేషన్ చూస్తరు గాని." నిజమే. పైకప్పును చూసేది సూర్యుడొక్కడే. ఆయన గృహప్రవేశానికి వచ్చినా చదివింపులు తేడు.

ఇక కరెంటు బిల్లు. 2024 మార్చి నుంచి సర్కారు గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా జీరో. రోజూ ఎనిమిది గంటలు తిరిగితే ఆ పడకగది ఏసీ ఒక్కటే నెలలో అంత తాగగలదు. ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు మన నెత్తినే. అందుకే మే నెలాఖరున ఇంటిల్లిపాదీ మీటరు ముందు కాపలా. 190 దగ్గర ఏసీ ఆపి, చాపలు చంకనపెట్టుకుని డాబా ఎక్కుతారు. డాబా ఇంకా చల్లారలేదని కిందికి దిగుతారు.

ఎండను కాచుకునే కట్టడం మనకు తెలియక కాదు. హైదరాబాద్‌లో సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. నడుమ వాకిలి, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి పంపే గోపురాలు, కప్పు మీద తోట. హరిత భవనమని దానికి అమెరికా వాళ్లు ప్లాటినం రేటింగ్ ఇచ్చారు. మనవాళ్లు వెళ్లి, ముచ్చటపడి, ఆ వాకిట్లో ఫోటోలు దిగి, ఊరికొచ్చి తాతల నాటి భవంతిని, దాని నడిమి వాకిలితో సహా, కూలగొట్టి పడమటి వైపు నీలి అద్దాలు బిగించారు.

ఆ అద్దం ఎండకు చేసే మర్యాద కొత్తల్లుడికి కూడా దక్కదు. లోపలికొచ్చిన వేడి ఇక కదలదు. విరుగుడూ వాళ్లే కనిపెట్టారు. బయట నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ నెట్టు, లోపల మందపాటి కర్టెన్లు, ఆ చీకటికి పట్టపగలే ట్యూబ్‌లైట్లు. ఇప్పుడు పై అంతస్తు లేపుతున్నారు. ఈసారి నెట్టును ఎలివేషన్‌లోనే కలిపి గీయమని ఇంజినీరును అడిగారట. ఆయన ఏ రంగు కావాలన్నాడట.