ఎర్ర క్యాలిపర్లు, ఎండిన గొట్టాలు

బాగ్ లింగంపల్లిలో ఈ మధ్య కార్ల చక్రాల సందుల్లోంచి ఎరుపు తెగ కనపడుతోంది. సుందరయ్య పార్కులో పొద్దున నడక ముగించుకుని హౌసింగ్ బోర్డు క్వార్టర్ల వైపు తిరిగితే చాలు, వరసగా ఆగి ఉన్న కార్లలో ఒకటి రెండింటికైనా బ్రేకు క్యాలిపర్లు మెరుస్తూ ఉంటాయి. వాటిలో అసలువి తక్కువ, ప్లాస్టిక్ మూతలు ఎక్కువ. ఒకాయనైతే వెనక డ్రమ్ము మీద కూడా ఓ మూత అంటించుకున్నాడు, దాని మీద ఇటలీ కంపెనీ పేరు తెల్లటి అక్షరాల్లో. డ్రమ్ముకి క్యాలిపర్ ఉండదు నాయనా అని చెబుదామనుకుని ఊరుకున్నాను. ఎవరి సరదా వాళ్లది. అయినా మనం చెబితే వినే రోజులా ఇవి?

నా ఉద్యోగమంతా ఆర్టీసీ గ్యారేజీలోనే గడిచింది. రిటైరై చాలాకాలమైంది కానీ, పక్కనుంచి బండి ఆగుతుంటే ఏ చక్రం పడుతోంది, ఏది పట్టట్లేదు అన్నది చెవికి ఇంకా తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఈ నస.

మా రోజుల్లో కారంటే అంబాసిడర్, లేకపోతే ఫియట్. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పెడల్‌కి బూస్టర్ సాయం కూడా ఉండేది కాదు, కాలి బలమే బ్రేకు బలం. వానలో నీళ్లు పోతే ఓ ఫర్లాంగు దూరం పెడల్ మీద కాలు ఆనించి నడిపి షూలు ఆరబెట్టుకోవాలి. ఎడమ పక్క లైనర్ కాస్త ఎక్కువ అరిగిందంటే, తొక్కగానే బండి కుడికి లాగేది. అవి గొప్ప బ్రేకులని నేనెన్నడూ అనను. గొప్పవి కావు గనకే వాటిని కనిపెట్టుకుని ఉండేవాళ్లం.

ఎలా కనిపెట్టుకునేవాళ్లమంటే, పెడల్ కాస్త కిందికి దిగిందనిపించిన రోజే జాకీ ఎక్కేది. వెనక నుంచి స్క్రూడ్రైవర్ పెట్టి అడ్జస్టర్‌ను చక్రం బిగుసుకునేదాకా తిప్పి, మళ్లీ ఒక్క నొక్కు వెనక్కి వదలాలి. చేత్తో చక్రం తిప్పితే లోపల షూ సన్నగా రాసుకుంటున్న చప్పుడు రావాలి, బరువు మాత్రం తెలియకూడదు. ఆ చప్పుడు చెవికి పట్టడానికి కొత్త కుర్రాళ్లకు నెలలు పట్టేది. లైనర్ అరిగితే షూ పారేసేవాళ్లం కాదు. పాత రివిట్లు ఊడగొట్టి, కొత్త లైనర్ పెట్టి, నడిమి నుంచి చివరలకు వరసగా రివిట్లు కొట్టేవాళ్లం. డ్రమ్ముకి గీతలు పడితే లేత్ మీద తిప్పించేవాళ్లం. వీల్ సిలిండర్ కారితే రాణిగంజ్ వెళ్లి రబ్బర్ కప్పుల కిట్టు తెచ్చుకోవడమే. గిర్లింగ్ పేరున్న డబ్బా అయితే కళ్లకద్దుకునేవాళ్లం. 1962లో టీవీఎస్ వాళ్లూ లూకాస్ గిర్లింగ్ వాళ్లూ కలిసి మద్రాసులో బ్రేక్స్ ఇండియా పెట్టాక ఆ సరుకు ఇక్కడే తయారవడం మొదలైంది. ఆ లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, దాని పొడిని మేం నోటితో ఊదేవాళ్లం. అదొక్కటి పోయినందుకు మాత్రం ఈ కాలానికి దండం పెట్టాలి.

ఇక మా పై అంతస్తు కుర్రాడి సంగతి. ఉద్యోగం మాదాపూర్ వైపు. వాళ్ల నాన్న నన్ను అన్నా అనేవాడు, వీడు అంకుల్ అంటాడు. సెకండ్ హ్యాండ్‌లో ఓ స్కోడా ఆక్టావియా వీఆర్ఎస్ కొన్నాడు. 2004లో మన దేశంలో వదిలిన బండి అది. 1.8 టర్బో పెట్రోలు ఇంజను, 150 హార్స్ పవర్. అప్పట్లో మన రోడ్ల మీద అలాంటి సెడాన్ మరొకటి వెతికినా దొరికేది కాదు. మంచి కారు, కాదనను. ఇరవై ఏళ్లు దాటినా డోరు వేస్తే వచ్చే చప్పుడు ఇంకా గట్టిగానే ఉంది. దానికి వీడు విదేశం నుంచి బిగ్ బ్రేక్ కిట్టు తెప్పించాడు. ముందు చక్రాలకు పళ్లెమంత డిస్కులు, ఒక్కో క్యాలిపర్‌లో నాలుగేసి పిస్టన్లు, బ్రాకెట్లు, ఉక్కు జాలీ చుట్టిన గొట్టాలు. ధర చెప్పలేదు. వాళ్లమ్మ చెప్పింది. లక్ష దాటింది.

ఆదివారం పొద్దున పార్కింగులో బిగింపు మొదలైంది. చూడు అంకుల్ అని పిలిస్తే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వచ్చిన మెకానిక్కు పనిమంతుడే. టార్క్ రెంచి తెచ్చుకున్నాడు, ప్రతి బోల్టూ లెక్క ప్రకారం బిగించాడు. మా రోజుల్లో పానా మీద కాలేసి నిలబడటమే టార్కు. ఆ ముక్క ఒప్పుకుంటాను.

డిస్కు ఎక్కింది, క్యాలిపర్ కూర్చుంది. చక్రం మాత్రం కూర్చోలేదు. చక్రం ఊచ లోపలి అంచు క్యాలిపర్‌కు తగులుతోంది. డిస్కు పెద్దదైతే చక్రం లోపల చోటు కూడా పెరగాలి కదా, ఆ సంగతి డబ్బా విప్పాక తెలిసింది. దానికీ మందుంది, స్పేసర్. హబ్బుకీ చక్రానికీ నడుమ అల్యూమినియం బిళ్ల. అది కూడా తెచ్చిపెట్టుకున్నాడు. కానీ ఈ స్కోడాలకు స్టడ్లూ నట్లూ ఉండవు, బోల్టులే నేరుగా హబ్బులోకి దిగుతాయి. బిళ్ల ఎంత మందమో బోల్టు అంత పొడుగవ్వాలి. పాత బోల్టులే బిగించబోతుంటే లేచి ఆపాను. బోల్టు ఎంత లావో, కనీసం అంత లోతైనా మర పట్టాలి. అంతకు తక్కువ పట్టిన బోల్టు మీద బండిని నడిపిస్తే ఏమవుతుందో ఆర్టీసీలో చూసినవాణ్ని. పొడుగు బోల్టుల కోసం ఆదివారం పూట ఎక్కడెక్కడికో ఫోన్లు. దొరికేసరికి మధ్యాహ్నమైంది.

ఈలోగా ఊరికే కూర్చోలేక, టార్చి తీసుకుని వెనక చక్రాల దగ్గర వంగాను. అసలు కథ అక్కడుంది. కుడి వెనక డిస్కు అద్దంలా ఉంది, ఎడమ వెనక డిస్కు తుప్పు పట్టి గరుకుగా ఉంది. అంటే ఆ క్యాలిపర్ ఎప్పుడో పట్టేసింది, ప్యాడ్లు డిస్కుని తాకట్లేదు. ఈ బండ్ల వెనక క్యాలిపర్లకు హ్యాండ్ బ్రేకు మీట అక్కడే ఉంటుంది, పాతబడితే అది బిగుసుకోవడం మామూలే. దాని పిస్టన్‌ను సీ-క్లాంపుతో నొక్కితే వెనక్కి పోదు, నొక్కుతూ తిప్పాలి. కుర్రాడికి ఆ మాట కొత్త. రబ్బరు గొట్టాన్ని వేళ్లతో వంచితే పైపొర అంతా సన్న పగుళ్లు. ట్యాంకు మూత తీసి చూస్తే ఫ్లూయిడ్ డికాక్షన్ రంగులో ఉంది. ముందుకు లక్ష పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడలేదు.

బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ ఎక్కాక అది 155కి పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీదే కాలుంచితే ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. లోపల ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేల దాకా వెళ్తుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చడానికి అయ్యేది సినిమా టికెట్లూ పాప్‌కార్నూ కలిపినంత ఖర్చు. అది కంటికి కనపడదు, అదే దాని ఖర్మ.

నా వాదన ఇంతే. మేం బ్రేకుని చూసుకునేవాళ్లం, వీళ్లు బ్రేకుని కొంటున్నారు. కొన్నాక ఇక చూడక్కర్లేదనుకుంటున్నారు.

పెద్ద డిస్కు దండగని నేననను. డిస్కు వెడల్పైతే పట్టు ఇరుసుకి దూరంగా పడుతుంది, అదే నొక్కుడికి ఎక్కువ తిప్పుబలం వస్తుంది. లోహం ఎక్కువ కాబట్టి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. వేగం రెండింతలైతే ఆపడానికి మింగాల్సిన శక్తి నాలుగింతలు. అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, లిమిట్ 120. అక్కడ మా అంబాసిడర్ డ్రమ్ములతో ఒకసారి గట్టిగా ఆపితే రెండోసారికి షూల వాసన వచ్చేది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తే షూలకు దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా దిగుతుంది. డిస్కుకి ఆ జబ్బు లేదు. 1953లో జాగ్వార్ వాళ్లు లీమాన్స్ రేసు గెలిచింది డిస్కు బ్రేకులతోనే.

కానీ ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు చేతిలో ఉంది. పాత బ్రేకుతోనే ఏబీఎస్ కొట్టుకునేదాకా తొక్కగలుగుతున్నావంటే, రోడ్డు ఇవ్వగలిగిన పట్టంతా నువ్వు వాడేసినట్టే. పెద్ద కిట్టు అక్కరకొచ్చేది మళ్లీ మళ్లీ, వెంట వెంటనే ఆపాల్సిన చోట, రేసు ట్రాకు మీద. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకి తీసుకెళ్తావా అనడిగితే, ప్లాన్ ఉందంకుల్ అన్నాడు. ఇక్కడి రోజువారీ ప్లాన్ మాత్రం మనందరికీ తెలుసు. వీఎస్‌టీ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అక్కణ్నుంచి చిక్కడపల్లి, నారాయణగూడ. అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్లు వదిలే టైములో పుస్తకాల సంచులతో పిల్లలు బండ్లకు అడ్డంగా దాటేస్తుంటారు. ఫస్టు, సెకండు గేర్లకు మించి పనే పడదు. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా ఉక్కు వంతెన తెరిచారు, దాని మీద కాస్త థర్డు పడుతుందేమో. దిగగానే మళ్లీ అదే గోల.

ఇంకో చిక్కు కూడా ఉంది. ముందు పిస్టన్లు పెద్దవయ్యాయి, వాటికి ఎక్కువ ఫ్లూయిడ్ కావాలి, మాస్టర్ సిలిండర్ మాత్రం పాతదే. పెడల్ లోతుకు పోతుంది. ముందుకీ వెనక్కీ కంపెనీ వాడు లెక్కగట్టి పంచిన బ్రేకు వాటా ముందుకే ఒరిగిపోతుంది. ముందు టైర్లు తొందరగా పట్టు వదిలేస్తాయి, వెనకవి చేయాల్సిన పని చేయవు. లెక్క చూసి చేసిన మంచి కిట్టయితే ఈ బాధ తక్కువ. వేరే కారు మీదివి ఊడదీసి తగిలించుకునే వాళ్లని చూస్తేనే నాకు గుండె దడ. బండి ఆపడానికి ఎక్కువ దూరం పట్టేలా లక్ష ఖర్చుపెట్టడం మా కాలంలో ఎవరికీ తట్టలేదు.

శ్రీశైలం బస్సుల డ్రైవర్లది ఒకటే సూత్రం, ఎక్కిన గేరులోనే దిగాలి. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు మలుపులు దిగుతుంటే ఇంజనే మూలుగుతూ బండిని పట్టి ఉంచేది, బ్రేకు చివరి మాట. గాలి ప్రెజర్ ముల్లు నిండేదాకా బండి కదిపేవాళ్లు కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ రేసు జరిగితే మా వాళ్లంతా వెళ్లారు. ఆ జెన్-3 కార్లలో వెనక చక్రాలను ఆపే పని ముఖ్యంగా మోటారుకే అప్పగించారని కుర్రాడే చెప్పాడు. అంటే రేసు వాళ్లు మా శ్రీశైలం డ్రైవర్ల దారికొచ్చారన్నమాట. ఆ మాట అంటే నవ్వాడు, ఒప్పుకోలేదు.

చట్టం సంగతి కూడా చెవిన వేశాను. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండి, రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే తనిఖీకి తీసుకెళ్లాల్సిందే. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట చూసేది చక్రం లోపలికే. వాడు తలూపాడు. ఆ తలూపుడు నాకు తెలుసు, మా అబ్బాయిది కూడా అదే.

సాయంత్రానికి వెనక క్యాలిపర్ విప్పించాను. మీట కదిలేదాకా నూనె పోసి ఆడించి, పిస్టన్ తిప్పి, పాత గొట్టాలు తీయించి కొత్తవి వేయించాను. ఎయిర్ తీసేటప్పుడు మాత్రం పాత పద్ధతే. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు, ఒకడు లోపల పెడల్ తొక్కి పట్టుకుంటే ఒకడు కింద నిప్పల్ వదలాలి. తొక్కు, పట్టు, వదులు అని అరుస్తుంటే బ్లాకులో పిల్లలంతా పోగయ్యారు. ఆ గంటసేపు ఎవ్వరూ ఫోను చూడలేదు.

అంతా అయ్యాక టైర్ల పక్కన నాలుగంకెలు చదివించాను. 3216. అంటే 2016లో 32వ వారం తయారీ. ట్రెడ్ ఇంకా ఉంది కదంకుల్ అన్నాడు. ఉంది, రబ్బరులోకే గోరు దిగట్లేదు. నాలుగు టైర్ల ధర ఫోనులో చూసి, ఈ నెల కిట్టుకే అయిపోయాయి, దసరాకి చూద్దాం అన్నాడు. సరే అని మెట్లెక్కి వెళ్లి, దసరా దాకా ఆ బండిని అవుటర్ ఎక్కనివ్వొద్దని వాళ్లమ్మకి చెప్పి వచ్చాను.