క్లైమేట్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం:

"క్లైమేట్ సార్. మూసిపెట్టిన బండికి చెమ్మ కామనే."

అవతారిక:

దోణిమలై కాలనీలో వానాకాలం పొడుగునా షెడ్డు కింద నిలిపి ఉంచిన ఒకానొక టెంపో ట్రావెలరును ఉద్దేశించి, పట్నం నుండి పిలిపింపబడిన ఒకానొక నిపుణుడు, చేతులు వెనక్కి కట్టుకొని, నడుము వంచక, తలుపు జానెడు మాత్రమే తెరిచి, ఒక్కసారి గాలి పీల్చి, పై సూత్రమును ఉపదేశించి, తనిఖీ రుసుము స్వీకరించి నిష్క్రమించెను. సూత్రమన్నది తక్కువ అక్షరాలలో ఉండాలనీ, సందేహానికి తావీయకూడదనీ, అన్ని దిక్కులకూ వర్తించాలనీ పెద్దలు లక్షణం చెప్పారు. ఇది ఆ మూడింటికీ అచ్చంగా సరిపోయింది. సారం కూడా ఉండాలని లక్షణంలో మరొక మాట ఉంది కాని, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

బండి మా బావగారిది. గనిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక పాత ట్రావెలరొకటి కొన్నాడు. వెనక సీట్లు పీకించి, ప్లైవుడ్ బల్లలు వేయించి, వాటి కింద అరలు, పైన ఫోమ్ పరుపులు, ఓ మూల గ్యాసు పొయ్యి పెట్టించాడు. అక్కయ్యకు మంత్రాలయం, శ్రీశైలం, అహోబిలం చూపిస్తానన్నది సంకల్పం. ఇలాంటి దాన్ని కారవాన్ అంటారని ఆయన అంటాడు. కాలనీ పిల్లలు ఇల్లుబండి అంటారు. వానలు తగ్గాక తలుపు తీస్తే రెక్సిన్ నిండా తెల్లబూజు. ఎడమవైపు వెనక మూలన ప్లైవుడ్ ఉబ్బి, నీళ్ళలో పడి ఆరిన పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకుంది.

ప్రతిపదార్థం:

సార్ — సంబోధనము. స్పష్టము.

బండికి — స్పష్టము.

చెమ్మ — స్పష్టము. చేత్తో ముట్టుకొన్నచో మరింత స్పష్టము. నిపుణుడు ముట్టుకొనలేదు.

మూసిపెట్టిన — ఎవరిచేత మూయబడినది? యజమానిచేత. కావున దోషము యజమానిదే అని ధ్వని. ఇదే బండిని తెరిచి ఉంచినచో "తెరిచిపెట్టిన బండికి చెమ్మ కామనే" అని పాఠం మారేదని ఊహింపదగును.

కామనే — ఇందలి ఏకారము అవధారణార్థకము. అసలు రుసుమంతా దీనికే గనుక ఇచ్చట కొంత నిలువవలెను. ఈ అవధారణకు శాస్త్రకారులు మూడు పనులు చెప్పారు. "శంఖము తెల్లనే" అన్నప్పుడు శంఖానికి తెలుపు లేకపోవడాన్ని కొట్టివేస్తుంది, అది అయోగవ్యవచ్ఛేదం. "పార్థుడే విలుకాడు" అన్నప్పుడు ఇతరులు విలుకాళ్ళు కావడాన్ని కొట్టివేస్తుంది, అది అన్యయోగవ్యవచ్ఛేదం. తామర నల్లనిది కావడమూ కద్దు అన్నప్పుడు, నల్లతామర బొత్తిగా లేదనడాన్ని మాత్రం కొట్టివేస్తుంది, అది అత్యంతాయోగవ్యవచ్ఛేదం. మన నిపుణుడు పలికింది మూడోది: మూసిన బండ్లలో కొన్నింటికి చెమ్మ వస్తుందని. ఆ మాత్రం పాలు పోసే అబ్బాయికీ తెలుసు. రుసుము పుచ్చుకున్నది మాత్రం రెండోదానికి: వాతావరణమే కారణం, మరేదీ కాదని. మూడో రకం సరుకు చూపించి రెండో రకం ధర వసూలు చేయడాన్ని ఏమంటారో న్యాయశాస్త్రంలో లేదు, న్యాయస్థానంలో ఉంటుంది.

ఆక్షేపం:

మూసిన బండి ఎక్కడ ఉందో చెమ్మ అక్కడ ఉంటుందన్నది వ్యాప్తి అనుకుందాం. ఎదురింటివారి ఓమ్నీ కూడా అన్నాళ్ళూ మూసే ఉంది, అదే వానలో, అదే గాలిలో. లోపల పొడిగా ఉంది. కనుక వ్యాప్తికి వ్యభిచారం తగిలింది. (తర్కశాస్త్రంలోని వ్యభిచారం. కాలనీ కబుర్లలోది కాదు.) పైగా చెమ్మంతా ఎడమ వెనక మూలనే ఎక్కువ. ఋతువుకు కుడి ఎడమలు ఎప్పటినుంచి తెలుసు? ఆషాఢం వచ్చి ట్రావెలరు ఎడమ వెనక చక్రం పైభాగాన్ని మాత్రం తడిపి పోతుందా?

ఈ సూత్రం ఒక్క బండికి చెప్పింది కాదని పాఠకులు గ్రహించాలి. గోడ చెమ్మకూ ఇదే, బియ్యం డబ్బాలో పురుగుకూ ఇదే, మోకాలి నొప్పికీ ఇదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఒకవైపుకూ, సండూరు, బళ్ళారి మరొకవైపుకూ పోయాయి కాని, సూత్రం మాత్రం పంపకాలకు లోను కాక రెండువైపులా సమానంగా చెల్లుతోంది.

విశేషాంశం:

సెప్టెంబరులో సండూరు చూసి తీరాలని గాంధీజీ అన్నట్టు ఈ ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. వాన పడి కొండలన్నీ పచ్చబడే కాలం. సండూరు కొండలకు పొరుగునే హంపీ. ఆ హంపీలో 1509 నుంచి 1529 దాకా రాజ్యం చేసినవాడు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో వానాకాలాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్నాడన్న మాట ఊరికే అనలేదు. చక్రవర్తి కదా, మేఘాలు ఐరావతాల్లా ఉన్నాయని నాలుగు పద్యాలు చెప్పి దర్బారుకు లేచిపోవచ్చు. రాయలు అలా పోలేదు. ముసురులో ఇంట్లో నిప్పు ఆరిపోతే ఇల్లాలు ఇల్లిల్లూ తిరిగి కాస్త నిప్పు తెచ్చుకోవడం, తెచ్చిన నిప్పు చెమ్మెక్కిన పొయ్యిలో రాజుకోకపోవడం, ఊది ఊది ఇల్లంతా పొగ కమ్మడం, వంట ఎంతకీ కాకపోవడం, అన్నీ చూశాడు. రెడ్లు ఆ వానలో ఏ ఆకుకూరలు వండుకున్నారో పేరుపేరునా చెప్పాడు. అంత పెద్ద రాజు వంటింట్లోకి వంగి తొంగిచూశాడు. తడి ఎక్కడ మొదలై ఎక్కడికి పాకి ఎవరి పని చెడగొట్టిందో తెలుసుకున్నాడు. "వానాకాలం కదా, పొయ్యి రాజుకోకపోవడం కామనే" అని ఆయన ఒక్కమాటలో తేల్చేసి ఉంటే నాలుగో ఆశ్వాసం ఉండేదే కాదు.

ఆ ఆముక్తమాల్యదకు వేదం వేంకటరాయశాస్త్రిగారు వ్యాఖ్యానం రాశారు. వ్యాఖ్యాతల తీరే వేరు. కఠిన పదం దగ్గర "స్పష్టము" అని దాటిపోయి, తేలిక పదం దగ్గర కోశాలన్నీ దించే వారిని నేనూ చదువుకున్నాను. వారి అలవాటు నాకూ అంటింది. ఈ జాతికంతా శిరోభూషణం కోలాచల మల్లినాథసూరి. మెదకు దగ్గరి కొల్చారం ఆయన ఊరంటారు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ పట్టి కూర్చున్న మనిషి. అదే ఇంటిపేరుతో ఇక్కడ బళ్ళారిలో కోలాచలం శ్రీనివాసరావుగారు (1854–1919) విజయనగర పతనాన్ని రామరాజు చరిత్రము అనే నాటకం చేశారు. బళ్ళారి రాఘవ అందులో పఠాన్ రుస్తుం వేషం కడితే జనం విరగబడి చూశారట. మహాసామ్రాజ్యం కూలినందుకే కారణాలు వెతికి అంకాలుగా విడదీసి రంగం మీదికెక్కించిన ఊరు బళ్ళారి. తళ్ళికోటకు క్లైమేట్ కారణమని అక్కడెవరూ అనలేదు.

మల్లినాథుడి రెండో ప్రతిజ్ఞను నేనెంతగా భంగపరిచానంటే, బండి షెడ్డులోనే ఉండిపోయింది.

సిద్ధాంతం:

సండూరు నుంచి ఒక టింకరింగు కుర్రాడు వచ్చాడు. రాగానే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాకు అప్పుడే సగం నమ్మకం కుదిరింది. మూలనున్న రెక్సినును వేలితో ఎత్తి లోపలికి టార్చి వేశాడు. లోపలి తెల్లటి రేకు మీద సన్నటి ఎర్రగీత, పైకప్పు నుంచి దిగి, కిటికీ స్తంభం పక్కగా వచ్చి, ప్లైవుడ్ వెనక మాయమైంది. ఈ కొండల మట్టి ఇనుము మట్టి. దుమ్ము ఎక్కడ వాలినా ఎర్రగా ఉంటుంది. నీరు నడిచినచోటల్లా ఆ ఎరుపు మిగిలిపోతుంది. ఇతర ప్రాంతాల వాళ్ళు లీకు దారి కనిపెట్టడానికి నీళ్ళలో రంగు కలుపుతారు. దోణిమలైలో ఆ పని కొండే చేసిపెడుతుంది. పట్నం నిపుణుడు తలుపు ఇంకో జానెడు తెరిస్తే ఈ గీత కనబడేది.

ఆ తర్వాత పైపుతో నీళ్ళు పట్టారు. దీనికొక క్రమం ఉంది: కింది నుంచి పైకి. ముందు తలుపుల అడుగు, తర్వాత కిటికీల రబ్బరు బీడింగు, చివర పైకప్పు; ఒక్కోచోట కొన్ని నిమిషాలు. ముందే పైన పోస్తే నీరు కిందికి కారి బండినంతా తడుపుతుంది, ఎక్కడ ఎక్కిందో తెలియదు. లోపల బావ టార్చి పట్టుకొని కూర్చున్నాడు. తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి కంపెనీవాళ్ళే పెట్టిన చిన్న రంధ్రాలుంటాయి. అవి ఎర్రమట్టి గట్టిపడి పూడిపోయాయి. తలుపు లోపల నీళ్ళు నిలిచి గడప మీదికి పొర్లుతున్నాయి. పుల్లతో గుచ్చగానే బుడబుడా ఎర్రనీళ్ళు దిగాయి. అది చిల్లర దోషం. పైకప్పు దగ్గరకు రాగానే లోపలి నుంచి "వచ్చింది, వచ్చింది, ఆపురా!" అని బావ కేక. లగేజీ క్యారియరు బోల్టుల కింది రబ్బరు వాషర్లు ఎండి చిట్లిపోయాయి. వెనకది ఒకటి వేలితో కదిపితే కదులుతోంది. బండి షెడ్డులో కాస్త వెనక్కి వాలి ఉండడంతో, బోల్టు దగ్గర దిగిన నీరు లోపలి లైనింగు మీదుగా జారి ఆ మూలకే చేరింది.

షెడ్డులో ఉన్న బండి మీద వానేమిటని పాఠకులు అడగవచ్చు. షెడ్డు రేకు సరిగ్గా అక్కడే చిరిగింది. అది వేరే గ్రంథం.

నిపుణుడి మాటలో బొత్తిగా నిజం లేదనను. ముప్పై డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిఆవిరిని మోయగలదు. రాత్రి ఇరవై డిగ్రీలకు దిగితే సుమారు 17 గ్రాములే మోస్తుంది. మిగిలింది చల్లని రేకు మీద చుక్కలుగా దిగుతుంది. దీన్ని విడిగా తేల్చుకోవడానికి బావ చేత నేల మీద పాలిథిన్ ముక్క పరిపించి, నాలుగంచులూ టేపు వేయించాను. మర్నాడు చూస్తే పైముఖాన పలచగా చెమ్మ, కింది ముఖం పొడి. అంటే నేలలోంచి రావడం లేదు. కొంత గాలిలోంచి వస్తోంది. కనుక సూత్రం పావు వంతు నిజం. కాని ఆ పావు వంతును పెంచింది కూడా నిపుణుడే. వెళ్తూ వెళ్తూ "టార్పాలిన్ బిగించి చుట్టండి సార్" అని అనుబంధ సూత్రం ఒకటి వదిలాడు. లోపల తడి ఉండగా బయట టార్పాలిన్ బిగిస్తే ఆవిరి ఎటు పోవాలి? కిటికీ రెండంగుళాలు తెరిచి గాలి ఆడనివ్వాల్సింది. కాలనీ సలహాదారులు ఊరుకోలేదు: ఒకరు కలరా ఉండలు పెట్టమన్నారు, ఒకరు కర్పూరం. మూడో ఆయన లోపలి నుంచి సిలికాన్ కొట్టించమన్నాడు. లోపలి నుంచి కొడితే లోనికి వచ్చిన నీరు బయటికి పోలేక రేకుల మధ్య నిలిచి తుప్పు పట్టిస్తుందని ఆయనకు చెబితే, "చెయ్యండి సార్, ఏమీ కాదు" అన్నాడు. ఇదీ అదే సంప్రదాయానికి చెందిన సూత్రమే.

పాఠాంతరం:

వాషర్ల సంగతి బావ నిపుణుడికి ఫోన్ చేసి చెప్పాడు. అవతలి నుంచి తడుముకోకుండా సమాధానం: "రబ్బరు ఎండకు పగిలింది కద సార్? అదీ క్లైమేటే." ఈ పాఠానికి వ్యాఖ్య రాయడం మల్లినాథుడి వల్ల కూడా కాదు.

చేయవలసింది మాత్రం తేలిపోయింది. కదిలే ఒక్కటే కాదు, క్యారియరు వాషర్లన్నీ మార్చాలి. మామూలు రబ్బరువి కాకుండా ఎండకు నిలిచే ఈపీడీఎంవి అడిగి తీసుకోవాలి. సీలెంటు బయటి నుంచే, రేకు పూర్తిగా ఆరాకే. ప్లైవుడ్ కోసి కొత్తది వేయాలి. పరుపులు పోయినట్టే, ఫోములో బూజు దిగాక ఎంత ఎండబెట్టినా వాసన వదలదు. వాటి మీద పడుకొని అహోబిలం రానని అక్కయ్య తేల్చి చెప్పేసింది. తనిఖీ రుసుము వాపసు అడుగు బావా అంటే, "పోనీలేవయ్యా, ఇచ్చేశాం కదా" అని బావ మొహమాటపడుతున్నాడు.