నా కంఠపు ఎఱుపు

ఉత్తర జర్మనీలో ప్లోన్ పట్టణము నానుకొనియున్న సరస్సున జన్మించిన మగ స్టికిల్‌బ్యాక్ చేపను నేను. వీపున మూడు ముళ్లు గలవాడను, పొడవున మీ వ్రేలిని మించనివాడను. శీతకాలమంతయు వెండిచాయతో మందలో నొకడనై తిరుగాడు నాకు, వసంతమున పగళ్లు దీర్ఘములగుటతోనే 11-కీటోటెస్టోస్టెరోన్ అను హార్మోను రక్తమున వెల్లువెత్తును. దాని యాజ్ఞచే కంఠము ఎఱ్ఱవాఱును, కన్ను నీలమగును, మూత్రపిండము ఉబ్బి జిగురును స్రవించును. ఆ జిగురుతోనే నాచుపోచల నతికి గూడు కట్టుదును.

ఈ ఎఱుపు నాకు ఊరక అబ్బినది కాదు. దానికి మూలమైన కెరోటినాయిడ్లను నా దేహము సృజింపజాలదు. సూక్ష్మములైన నీటిపురుగులను వేటాడి ఆర్జింపవలయును. రోగముతో పోరుటకును అవియే అక్కఱకు వచ్చును గనుక, వ్యాధిగ్రస్తుడు వన్నె నిలుపుకొనలేడు. 1990లో మిలిన్‌స్కీ, బాకర్ అను శాస్త్రజ్ఞులు మా మగచేపలకు తెల్లమచ్చల వ్యాధిని సోకించి చూడగా వాని ఎఱుపు తఱిగినది. మునుపు వానినే మెచ్చిన ఆడచేపలు విముఖములైనవి. ఎఱుపు కానరాని పచ్చని వెలుగులోనో, ఆ భేదమును గుర్తింపలేకపోయినవి. వన్నె నిచ్చు హార్మోనే రోగరక్షణను కొంత అణచునని 1992లో ఫోల్‌స్టాడ్, కార్టర్ ప్రతిపాదించిరి. అది అన్ని జీవులయందును ఒక్క తీరున ఋజువు కాకున్నను, ఆ భారమును మోసియు ఎఱ్ఱగా నిలువగలవాడే బలవంతుడను వారి తలంపు నాకు మిక్కిలి గౌరవనీయము.

ఆడచేప కంటితోనే తృప్తి చెందదు. నీటిలో వ్యాపించిన నా వాసనచే రోగనిరోధక జన్యువులను గూడ ఎఱుంగును. తన జన్యువులతో కలసి సంతానమునకు మితిమీరని వైవిధ్యము నీయగల వరునే కోరునని ఈ ప్లోన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు కనుగొనిరి. అత్యధికమైన వైవిధ్యముకంటె మధ్యమమైనదే పరాన్నజీవులనుండి మేలుగ కాచునట.

గ్రుడ్లు పెట్టి ఆమె వెడలిపోవును. పిల్లలగువఱకు ఱొమ్ము రెక్కలతో నీటిని విసరి ప్రాణవాయువు నందించువాడను నేనే. అప్పటికి హార్మోను తగ్గును.

మనుష్యులారా, మీ పొలముల ఎరువులు కొట్టుకొనివచ్చి నాచు పెరిగి మసకబాఱిన బాల్టిక్ తీరజలములలో మా ఎఱుపు నమ్మదగిన సాక్ష్యము కాకున్నదని ఫిన్లండ్‌లో జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. మా నీటిని తేటగా నుండనీయుడు.