ఎం.ఐ.డి.సి. గారూ, ఒక్కసారి విజయవాడ దాకా రండి

మహారాజశ్రీ మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ గారికి,

తమరు మనిషి కారనీ, కార్లను పరీక్షించడానికి కాగితం మీద రాసుకున్న ఒక పద్ధతేననీ తెలుసు. అయినా ఏ ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఒక్క ఛార్జికి ఎంత దూరం పోతుందో తేల్చే ముద్ర తమరి చేతిలోనే ఉంది కనుక, పై అధికారులకు రాసుకున్నట్టే రాసుకుంటున్నాను.

ముందు తమరి డ్రైవింగ్‌కి ఒక దణ్ణం. మొత్తం 1180 సెకన్లు. అందులో 780 సెకన్లు ఊళ్లో తిరిగినట్టు, గంటకు 50 కిలోమీటర్లు దాటకుండా. మిగతా 400 సెకన్లు ఊరి బయట. అక్కడా 90 తగిలీ తగలగానే వెనక్కి. ఎదురుగాలి భారం ఇంతని లెక్కగట్టి, ల్యాబులో చక్రాల కింద తిరిగే రోలర్లే మోపుతాయి. ఏసీ బంద్. బ్యాటరీ చేతులెత్తేసేదాకా మళ్లీ మొదటి నుంచీ ఇదే వరస. ఇంత నిదానస్తుణ్ణి నేను మా తాతగారి తరంలో కూడా చూడలేదు.

పోనీ ఆ అంకె అయినా ఒక్కటేనా? కర్వ్ ఈవీ సంగతే చూడండి. 2024 ఆగస్టులో వచ్చినప్పుడు 45 యూనిట్ల బ్యాటరీకి 502 కిలోమీటర్లు, 55 యూనిట్లదానికి 585 అన్నారు. అది తమరి ఊరి భాగం ఒక్కటే నడిపితే వచ్చిన లెక్క. తర్వాత రెండు భాగాలూ కలిపి చెప్పాల్సొచ్చేసరికి పెద్ద బ్యాటరీ 502కి దిగింది, చిన్నది 430కి. బండిలో ఒక్క బోల్టు మారలేదు. ఆగస్టులో చిన్నదాని అంకె చూసి వెళ్లినవాడు, నాలుగు నెలలాగి వస్తే అదే అంకెకి పెద్దది కొనాలన్నమాట! ఇక రోడ్డు మీద ఎంతొస్తుందని కంపెనీనే అడిగితే, ఆ పెద్దదానికే 400 నుంచి 425 అని విడిగా మరో అంచనా ఇచ్చింది. హారియర్ ఈవీ కూడా అంతే: తమరి ముద్రతో 627, కంపెనీ సొంత అంచనాలో 480 నుంచి 505. పెళ్లిచూపుల్లో సీటీసీ చెప్పి, పెళ్లయ్యాక చేతికొచ్చే జీతం చూపించినట్టుంది. ఆ మాట విడిగానైనా చెప్పినందుకు కంపెనీని మెచ్చుకోవాలి.

మా ఇంట్లో జరిగింది మనవి చేస్తాను. మొన్న మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడకు అయిదుగురం బయల్దేరాం. 275 కిలోమీటర్లే కదా, బండికి రాసింది దాదాపు అయిదొందలు, దారిలో ఆగే పనేముందనుకున్నాం. కోదాడ దాటేసరికి మీటరు మీద శాతాలు, నందిగామ బోర్డు మీద కిలోమీటర్లు పోటీపడి తగ్గుతుంటే మా బావమరిది ఏసీ కట్టేశాడు. మా అత్తగారు డాష్‌బోర్డు అరలోంచి మెరుపు కాగితం బ్రోషరు తీసి విసురుకోవడం మొదలుపెట్టారు. అట్ట మీద తమరి అంకె పెద్దక్షరాల్లో అటూ ఇటూ ఊగుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఈ కాగితానికి గాలి బాగానే వస్తోంది నాయనా" అన్నారావిడ.

తప్పు బండిది కాదని నాకూ తెలుసు. 50 మీద పోయేటప్పటి గాలి ఒత్తిడి 100కి వచ్చేసరికి నాలుగింతలవుతుంది. ఎస్‌యూవీ అంటేనే ఎత్తూ వెడల్పూ. గాలికి రొమ్ము విరుచుకుని ఎదురెళ్లే ఆకారం. ఏసీ కిలోమీటర్లు లెక్కపెట్టదు, గంటలు లెక్కపెడుతుంది; ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో బండి కదలకపోయినా దాని మేత అది మేస్తూనే ఉంటుంది. పెట్రోలు బండి మైలేజీ అంకె కూడా ఇలాంటిదే, కానీ అడుగడుక్కీ బంకు ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అమెరికావాళ్లు ల్యాబులో వచ్చిన అంకెను మామూలుగా 0.7తో గుణించి గానీ కారు అద్దం మీద అంటించరు. తమరి వంశానికి మూలపురుషుడైన ఎన్.ఈ.డి.సి.ని యూరప్ 2017 నుంచి సాగనంపి, 131 దాకా పరుగెత్తించే డబ్ల్యూ.ఎల్.టి.పి.ని తెచ్చుకుంది. తమరేమో ఇంకా కొలువులోనే ఉన్నారు.

రాజీనామా అడగడం లేదు. ఊళ్లో తిరిగేవాళ్లకి తమరి అంకెతో పని ఉంది. ఆ పక్కనే ఇంకో అంకె వేయించండి చాలు: ఏసీ వేసి, నిలకడగా వంద మీద పోతే 80 శాతం నుంచి 10 శాతం దాకా ఎంత దూరం? దారిలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 80 దాటాక కరెంటు నత్తనడకన ఎక్కుతుంది, 10 కిందికి పోనిచ్చే ధైర్యం ఎవరికీ ఉండదు. హైవే మీద యూనిట్‌కి ఆరు కిలోమీటర్లొచ్చినా, 55 యూనిట్ల బ్యాటరీకి ఆ లెక్కన వచ్చేది 231. ఇంటి దగ్గర నిండా ఎక్కించుకుంటే విజయవాడ చేరతాం. 80తో బయల్దేరితే చేరం. కొనేవాడికి కావలసింది ఈ ఒక్క ముక్కే.

ఇట్లు,
అయిదు సీట్ల ఎస్‌యూవీ యజమాని

తా.క.: శ్రావణంలో తిరుమల వెళ్తున్నాం. అలిపిరి నుంచి పైకి ఏడొందల మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి రెండు టన్నుల పైచిలుకు బండిని అంతెత్తు మోయడానికే నాలుగు యూనిట్లు కావాలి. దిగేటప్పుడు అందులో కొంత బ్రేకుల వల్ల తిరిగొస్తుంది. కొండ మీదే నిండా ఛార్జి చేసుకుంటే అదీ రాదు, బ్యాటరీలో చోటుండదు గనుక. తమరి రోలర్లకు ఎత్తుపల్లాలు లేవు కాబట్టి ఈ లెక్క నేనే వేసుకున్నాను.