క్లస్టర్‌లో తక్కువ అడగండి

మొదటిసారి క్లస్టర్ అకౌంట్ చేతికొచ్చిన పరిశోధక విద్యార్థులకు ఈ సలహాలు. ల్యాబ్‌లో సీనియర్లు చెప్పేదానికి పూర్తిగా ఎదురుగా ఉంటాయి. అయినా ఇవే పాటించండి.

400 కోర్లు దొరుకుతున్నా 40 చాలనండి. ప్రోగ్రాంలో 5 శాతం పని పంచుకోవడానికి వీల్లేనిదైతే ఎన్ని కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పిన లెక్క ఇది. 40 కోర్లకే సుమారు పదమూడున్నర రెట్లు వస్తుంది. మిగతా 360 కలిసి తెచ్చేది ఐదున్నరే. వాటి కోసం క్యూలో రోజులు పోగొట్టుకోవడం దండగ.

జాబ్‌కి కావాల్సిన గంటలూ తక్కువే రాయండి. ఎందుకైనా మంచిదని మూడు రోజులు పెట్టేయమంటారు చాలామంది. వినకండి. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ లాంటి యంత్రాల్లో జాబులకు నోడ్లు, అంటే క్లస్టర్‌లోని కంప్యూటర్లు, పంచేది స్లర్మ్ అనే ప్రోగ్రాం. ఓ పెద్ద జాబ్ 16 నోడ్ల కోసం కాచుకుని ఉందనుకోండి. పది ఖాళీ అయ్యాయి, మిగతా ఆరు వచ్చేసరికి మూడు గంటలు పడుతుంది. ఆ సందులో స్లర్మ్ చిన్న జాబుల్ని దూరుస్తుంది. రెండు గంటలని రాసినవాడు లోపలికి వెళ్తాడు. మూడు రోజులని రాసినవాడి జాబ్ నిజానికి గంటలో అయిపోయేదే అయినా బయటే ఉంటుంది, ఎందుకంటే స్లర్మ్‌కి తెలిసేది మీరు రాసిన అంకె ఒక్కటే. మరీ బిగించేయకండి, గడువు దాటితే జాబ్‌ని చంపేస్తుంది. ముందు చిన్న డేటాతో నడిపి, అసలు పనికి ఎంత పడుతుందో అంచనా కట్టి, దానికి పాతిక శాతం కలపండి.

వెయ్యి పనులున్నా ఒక్కసారే వదలొద్దు. ఒకే రకం పనుల్ని కలిపి పంపే జాబ్ అర్రేలో 1-1000%20 అని రాస్తే ఏ క్షణంలోనైనా ఇరవైకి మించి నడవవు. వెయ్యీ ఒకేసారి చిన్న చిన్న ఫైళ్లు తెరిస్తే అందరూ వాడే లస్టర్ ఫైల్ సిస్టంలో మెటాడేటా సర్వర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. అప్పుడు ఫోల్డర్‌లో ఏముందో చూడబోయిన ప్రతివాడి తెరా బిగుసుకుపోతుంది. మన పని కోసం పక్కవాళ్ల థీసిస్ ఆపే హక్కు మనకెవరికీ లేదు. అర నిమిషం పట్టే పనులైతే వందేసి ఒకే జాబ్‌లో కట్టండి.

అందరూ లోపలికి వచ్చే లాగిన్ నోడ్ మీద ఏదీ నడపకండి. ‘ఒక్క నిమిషమే’ అన్నా సరే.

చివరిగా, జాబ్ మధ్యలో చస్తుందనే లెక్కతోనే ప్రోగ్రాం రాయండి. కాసేపటికోసారి చెక్‌పాయింట్ తీయండి, అంటే అప్పటిదాకా అయిన పనిని ఫైల్‌లో దాచండి. పాత ఫైల్ మీదే రాయకండి. కొత్త పేరుతో పూర్తిగా రాసి, ఆ తర్వాతే దానికి పాత ఫైల్ పేరు పెట్టండి. రాస్తుండగా నోడ్ పడిపోయినా పాతది చెక్కుచెదరదు.