కొత్త టూలు వచ్చె: సటీకా తాత్పర్యము

అవతారిక

ఒకానొక ఆదివారం ఉదయం మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో, గులాబీపువ్వు శుభోదయానికీ బంగారం ధరకీ నడుమ ఈ పద్యం వెలువడింది. పంపినది మా బాబాయి. కవి కూడా ఆయనేనని మా అత్తయ్య వాదం. ఆయన లేఖకుడు మాత్రమేననీ, కవి ఎవరో రిటైర్డు ఉద్యోగుల గ్రూపులో ఉన్నారనీ మా మేనల్లుడి వాదం. పద్యం తలమీద జంట బాణాల గుర్తూ, 'ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్' అన్న ముద్రా ఉన్నాయి. కనీసం ఐదు చేతులు మారితే గాని సందేశానికి ఆ బిరుదు దక్కదు. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివాటిని విడతకు ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. అయినా ఇది మా దాకా వచ్చిందంటే, దారిలో ఎందరు మహానుభావులు పనిగట్టుకుని ఒక్కొక్కరికీ విడివిడిగా పంపారో! కర్త తెలియదు, ఆది తెలియదు, చెవినుంచి చెవికి నిలిచి ఉంది. కనుక ఇది అపౌరుషేయమని నా మతం.

మూలము

ఆ. కొత్త టూలు వచ్చె కోరిన పనులెల్ల
చేయునంట నదియె చిటికలోన
కార్డు వలదు నీకు కాసైన నడుగదు
లింకు కింద గలదు లేటు వలదు

యతులు చెల్లాయి. 'వలదు' రెండుసార్లు పడింది, పునరుక్తి దోషం కదా అని ఛాందసులు అడగవచ్చు. ఫార్వర్డుకు పునరుక్తి దోషం కాదు, జీవలక్షణం.

టీక

కొత్త = నిన్నటిదాకా బాబాయికి తెలియనిది. లోకంలో ఈ మాటకున్న అర్థం ఇక్కడ పొసగదు. స్కాన్ చేసిన తెలుగు పుటను అక్షరాలుగా మార్చే టూలు వచ్చిందని గ్రూపు పులకించిపోతుంది. దాని లోపలికి తొంగిచూస్తే టెస్సెరాక్ట్ కనిపించడం మామూలే. హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లు 1985లో మొదలుపెట్టి, దాదాపు పదేళ్లు చాకిరీ చేసి, అటకెక్కించి, చివరికి 2005లో అందరికీ ఉచితంగా వదిలేసిన సరుకు అది. తెలుగు ఆ తర్వాత నేర్చుకుంది. ఇక వీడియోను కోసేవి, కుదించేవి, అందులోంచి పాట మాత్రం విడదీసి ఇచ్చేవి ఎన్ని వచ్చినా, వాటిలో చాలావాటి పొట్టలో ఉండేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు 2000లో దానికి శ్రీకారం చుట్టాడు. రోజుకొకటి చొప్పున పుడుతున్న ఏఐ టూల్స్‌లోనూ అనేకం ఇంకెవరి మోడల్‌కో ఒక పెట్టె, ఒక బటను తగిలించినవే. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు వాటిని 'రేపర్' అని పిలుస్తారు. ఆ మోడళ్లకు మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతి గూగుల్ పరిశోధకులు 2017లో ప్రకటించినది.

రేపర్ అని తేలగానే తీసిపారేయకూడదు. నల్లతెర మీద ఆదేశాలు కొట్టి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడపమంటే, మా అత్తయ్య మనవడి బారసాల వీడియో ఈ జన్మకు చిన్నదయ్యేది కాదు. బటను పెట్టినవాడికీ పుణ్యంలో వాటా ఉంది. కాకపోతే ఆ బటనుకు నెలనెలా అద్దె అడిగిననాడు, కింద ఉన్న ఉచిత వస్తువు పేరు మనకు తెలిసి ఉంటే బేరం వేరుగా సాగుతుంది.

టూలు = పనిముట్టు. స్పష్టము.

వచ్చె = అవతరించెను. ఎక్కడ? కొత్త సరుకు రోజూ పందెంలో నిలబడే చోటు ఒకటుంది, ప్రొడక్ట్ హంట్ అని. ర్యాన్ హూవర్ 2013లో ఈమెయిల్ జాబితాగా మొదలుపెట్టినది. అక్కడ దినం అమెరికా పసిఫిక్ తీరపు అర్ధరాత్రి మొదలవుతుంది. మనకు అది వేసవిలో పగలు పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర. అంటే నవ్యత సరిగ్గా మన పప్పన్నం వేళకు పుడుతోంది. జాతకం కట్టేవారు గమనించాలి.

కవి 'వచ్చె' అన్నాడు గాని 'ఉండె' అనలేదు. ఇది ఉద్దేశపూర్వకమే అనిపిస్తుంది. నచ్చిన సైట్ల కొత్త రాతల్ని ఒకచోట చదివించే గూగుల్ రీడర్ వచ్చింది, 2013 జూలైలో పోయింది. చేయవలసిన పనుల జాబితాకు వండర్‌లిస్ట్‌ను మించింది లేదన్నారు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2015లో కొన్నది, 2020 మేలో మూసేసింది. కాబట్టి టూలు తలుపు తట్టినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న 'నువ్వేం చేయగలవు' అని కాదు. నేను ఇందులో దాచుకున్నదంతా రేపు మూటగట్టి బయటికి తెచ్చుకోవచ్చా? మెనూలో 'ఎక్స్‌పోర్ట్' అన్న మాట ఎక్కడుంది? అది లేని ఇంట్లో సామాను దించకపోవడం మేలు.

కోరిన పనులెల్ల = అతిశయోక్తి. దీనికి పాశ్చాత్య లాక్షణికులు బొమ్మ కూడా గీసి పెట్టారు. గార్ట్‌నర్ సంస్థలో జాకీ ఫెన్ 1995లో రూపొందించిన హైప్ సైకిల్‌లో, ఏ కొత్త సాంకేతికత అయినా ముందు పొంగిపోయిన ఆశల శిఖరం ఎక్కుతుంది, అక్కణ్నుంచి భ్రమలు వదిలే గోతిలో పడుతుంది, ఆపైన మెల్లగా మెట్లెక్కి ఉపయోగమనే మైదానానికి చేరుతుంది. అన్నీ చేరవనుకోండి. మన పద్యం శిఖరం మీద నిలబడి చెప్పినది. గోతిలోంచి పద్యం చెప్పిన కవి మా గ్రూపులో ఇంతవరకు లేడు.

చేయునంట = చేయును + అంట. పద్యానికి ప్రాణం ఈ 'అంట'లో ఉంది. చూసినవాడు 'చేయును' అంటాడు, విన్నవాడు 'చేయునంట' అంటాడు. మన నైయాయికులు జ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పారు. టూల్స్ విషయంలో ఈ నాలుగూ భేషుగ్గా పనిచేస్తాయి. అందరూ నాలుగోదాని దగ్గరే ఆగిపోతారు, అదీ చిక్కు.

శబ్దమంటే ఆప్తవాక్యం. చెప్పినవాడు ఆప్తుడైతేనే అది ప్రమాణం. ఈ రంగంలో 'ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన పది టూల్స్' అని చెప్పేవాడికి మన క్లిక్కులో కమీషను ఉండవచ్చు. వాడు ఆప్తుడు కాడు, ఏజెంటు. ఉపమానమంటే పోలిక చెప్పి గుర్తుపట్టించడం: గవయం ఎలా ఉంటుందంటే ఆవులా ఉంటుందని అడవివాడు చెబుతాడు, మనం అడవికి పోయి పోల్చుకుంటాం. ఫోటోషాప్ లాంటిది ఉచితంగా ఏదని అడిగితే గింప్ అని జవాబు రావడం అదే పద్ధతి. ఈ పోలిక పద్ధతి మీదే ఆల్టర్నేటివ్‌టూ అనే సైటు 2009 నుంచి నడుస్తోంది. నా మట్టుకు నేను కొత్తవాటిని వెతికేది ఎక్కువగా ఇలాగే. తెలిసినదాని పేరు చెప్పి, దాని తోబుట్టువుల్ని అడుగుతాను.

అనుమానం ఇంకా సొగసైనది. పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం. ప్రోగ్రామర్లు తమ కోడు పెట్టుకునే గిట్‌హబ్‌లో ఒక టూలు పేజీ తెరవండి. చివరిసారి మార్పు చేసినది ఎప్పుడు? జనం చెప్పుకున్న ఫిర్యాదులకు ఎవరైనా బదులిస్తున్నారా? మెచ్చినవాళ్లు వేసిన నక్షత్రాలు వేలల్లో ఉండి చివరి మార్పు మూడేళ్ల నాటిదైతే పొగ లేదు, నిప్పు ఆరిపోయింది, మిగిలినది విభూతి. పెట్టుకోవచ్చు గాని వంట కాదు.

ఇక ప్రత్యక్షం: మన సొంత పని ఒకటి పట్టుకెళ్లి దానిచేత చేయించి చూడటం. వాళ్లు చూపించే నమూనా కాదు, మన పనే. 'ఇది గొప్ప' అనేవాళ్లే కాదు, 'ఇందులో ఏముంది' అనేవాళ్లు కూడా ఈ మెట్టు ఎక్కరు. 2007 ఏప్రిల్‌లో డ్రూ హ్యూస్టన్, ఫైళ్లను అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా ఉంచే డ్రాప్‌బాక్స్‌ను తోటి ప్రోగ్రామర్ల ముందు పెట్టినప్పుడు, లైనక్స్ వాడేవాడికి ఇదేం గొప్ప, ఎఫ్‌టీపీ అకౌంటుకు రెండు పాత పనిముట్లు తగిలించి మనమే కట్టుకోవచ్చు కదా అని ఒకరు పెదవి విరిచారు. ఆ మాట తప్పేమీ కాదు. ఆ కట్టుకోవడమే పదిమందికీ చేతకాని పని అన్నది అక్కడ తట్టలేదు. 2018లో డ్రాప్‌బాక్స్ షేర్ మార్కెట్టుకు ఎక్కింది.

అదియె, చిటికలోన = సైన్ అప్, ఓటీపీ, ట్రాఫిక్ లైట్లు ఉన్న గళ్లు ఏరడం మినహాయించి.

కార్డు వలదు నీకు = ఇది నిజమైతే చాలా మంచి వాక్యం. కార్డు అడిగే 'ఫ్రీ ట్రయల్' వేరే జాతి. అది ఒకటో రెండో రూపాయలు తీసి చూసుకుని, గడువు దాటాక అసలు మొత్తానికి వస్తుంది. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి దీనికి ముక్కుతాడు వేసింది. అలా డబ్బు తీసుకోబోయే ముందు కనీసం 24 గంటల ముందుగా మనకు కబురు అందాలి. మామూలు చెల్లింపుల్లో 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఆ ముందస్తు కబురు మామూలుగా బ్యాంకు ఎస్సెమ్మెస్‌గా వస్తుంది. లోన్ ఇస్తామన్న నలభై ఎస్సెమ్మెస్‌ల నడుమ వస్తుంది గనక దాన్ని చదివిన భాగ్యశాలిని నేనింకా కలుసుకోలేదు.

కాసైన నడుగదు = ఇప్పుడు అడగదు. కాలవాచకం కవి మింగేశాడు. 2025 జూలైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రో అనే ఏఐ టూలును ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. ఏడాది వాడితే అలవాటవుతుంది, అలవాటుకు ధర కట్టడం సులువు. నోట్సు రాసుకునే ఎవర్‌నోట్ ఉచిత ఖాతాలో 2023 డిసెంబరు నుంచి యాభై నోట్లకు మించి రాసుకోనివ్వడం లేదు. ఇందులో మోసమేమీ లేదు, వాళ్లకూ ఇల్లు గడవాలి. తొలిరోజే ధర చెప్పే టూలు మీద నాకు గౌరవం ఎక్కువ, అంతే.

లింకు కింద గలదు = జాగ్రత్తగా వ్యాఖ్యానించవలసిన చోటు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. దాని ఆండ్రాయిడ్ యాప్ 2023 జూలైలో గాని రాలేదు. ఆ నడుమ కాలంలో దాని పేరుకు మీసాలు తగిలించినట్టుండే పేర్లతో యాప్‌లు స్టోర్లలో వెలిసి, వారం వారం చందా గుంజాయి. స్టోరులోనే అంత జరిగితే, వాట్సాప్‌లో వచ్చే స్టోరుతో పనిలేకుండా యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు సంగతి చెప్పాలా? పెళ్లి శుభలేఖ అనీ, ట్రాఫిక్ చలానా అనీ, పీఎం కిసాన్ అనీ వచ్చేవి ఇవే. నొక్కినవాడి ఫోను పరహస్తగతం. కింద ఉన్న లింకును కిందనే ఉండనిచ్చి, పైన బ్రౌజరులో టూలు పేరు కొట్టి సొంతదారు సైటుకు పోవాలని సంప్రదాయం. అప్పటికే నొక్కేసి ఉంటే 1930కి ఫోన్ చేయాలి.

లేటు వలదు = అలంకారం: తప్పుడు తొందర. ఇది నా కల్పన కాదు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న విడుదల చేసిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో పదమూడు దోషాలను పేరుపేరునా నిర్వచించింది. మన పాత లక్షణగ్రంథాల్లో కావ్యదోషాలు చెప్పినట్టే ఉంటుంది ఆ వరస. అందులో మొదటిది ఇదే. మూడు గంటల్లో ఆఫరు ముగుస్తుందని తిరిగే గడియారం, మర్నాడు వెళ్లి చూస్తే మళ్లీ మూడు గంటలే చూపిస్తుంది.

ఇంతకీ లేటును ఇంతగా ఏవగించుకోవడం తగదు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన లైనక్స్ యంత్రంలో లాగిన్ కావడానికి మామూలుకన్నా సుమారు అరసెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఇంకెవరైనా టీ తాగి వచ్చేవారు. ఆయన తవ్వాడు. ఎక్స్‌జెడ్ అనే, ఎక్కడ పడితే అక్కడ వాడే చిన్న ఉచిత టూలు కొత్త వెర్షన్లలో ఎవరో నమ్మకంగా చేరి, దొంగతలుపు అమర్చిపెట్టారని బయటపడింది. ఆ వెర్షన్లను ఆత్రంగా ఎక్కించుకున్నవాళ్లు వెనక్కి పరుగెత్తారు. తీరిగ్గా ఎక్కించుకుందాంలే అనుకున్న బద్ధకస్తులకు ఏ నష్టమూ లేదు. నాలుగో పాదానికి ఇంతకన్నా గట్టి ఖండన దొరకదు.

తాత్పర్యము

బాబాయికి ఒక లింకు వచ్చినది. ఆయన దానిని నొక్కలేదు. మనల్ని నొక్కమంటున్నారు.

పాఠాంతరము

ఈ పద్యానికి మరో ప్రతి బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో లభించింది. అక్కడ కూర్చునే కుర్రవాడు బ్యాంకు పరీక్షకు ఒకమ్మాయి దరఖాస్తు నింపుతున్నాడు. ఫోటో 20 నుంచి 50 కేబీ లోపల ఉండాలి. సంతకం 10 నుంచి 20, చేతిరాత డిక్లరేషను 50 నుంచి 100. "అక్కా, సంతకం పెద్దక్షరాల్లో పెడితే తీసుకోదు. నల్ల పెన్నుతో తెల్ల కాగితం మీద మళ్లీ పెట్టండి" అన్నాడు. ఫోనుతో ఫోటో తీశాడు, నాలుగు అంచులూ కత్తిరించాడు, ఒక గడిలో 18 అని కొట్టాడు, దించాడు, ఎక్కించాడు. అతని బ్రౌజరు నెత్తిన బుక్‌మార్కులు బారుగా ఉన్నాయి. ఒక్కదానికీ కంపెనీ పేరు లేదు. ఫోటో, సంతకం, జాయింట్, తిప్పుడు అని అతనే పేర్లు మార్చి పెట్టుకున్నాడు. జాయింట్ అంటే రెండు పీడీఎఫ్‌లు కలిపేది. తిప్పుడు అంటే అడ్డంగా పడిన స్కాన్‌ను నిలబెట్టేది. ఆ ప్రతిలో మొదటి రెండు పాదాలు ఇలా ఉన్నాయి:

కొత్తదేమి కాదు కోరినదొక్కటే
చేసె నాకు నిన్న చిన్న పనిని

'అంట' పోయి 'నిన్న' వచ్చింది, 'పనులెల్ల' పోయి 'చిన్న పని' వచ్చింది. ఛందస్సు చెడలేదు. ఈ పాఠమే గ్రాహ్యమని నా అభిప్రాయం. అయితే దీన్ని మా గ్రూపులో పెడితే ఎవరూ ముందుకు పంపలేదు, రెండు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

మూడు, నాలుగు పాదాలు ఆ ప్రతిలో దొరకలేదు. లింకైనా రాసుకుందామని, ఆ సంతకం తగ్గించే సైటు పేరేమిటి బాబూ అని అడిగాను. కుర్రవాడు తెర వైపు ఒకసారి చూసి, "పేరెందుకు సార్, పైన 'సంతకం' అని ఉంది చూడండి, అది నొక్కండి" అన్నాడు.