యూరాలజీ ఒపీనియన్

ఈమధ్య కొన్నాళ్లుగా నాకు ఒళ్లు మండిస్తున్నది రిఫరల్ చీటీ మీద గిలికే ఒకే ఒక్క ముక్క: ‘యూరాలజీ ఒపీనియన్’. మూత్రనాళం ఇరుకైపోయిన విశాఖ యారాడ మనిషి ఆ చీటీ జేబులో పెట్టుకుని కొండెక్కి, దిగి, సింధియా, మల్కాపురం దాటి, పోర్టు చుట్టూ తిరిగి మహారాణిపేటలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ చేరాలి. డాల్ఫిన్స్ నోస్ మీంచి చూస్తే ఊరంతా ఎదురుగానే ఉంటుంది; రోడ్డు మాత్రం హార్బరు చుట్టూ ప్రదక్షిణం చేయిస్తుంది. ఒంటేలు ఆపుకోనూ లేక, పోయనూ లేక కూర్చున్నవాడికి దారిలో ప్రతి స్పీడ్‌బ్రేకరూ పగవాడే. తీరా వెళితే క్యూలో ముందున్నవాళ్లంతా కిడ్నీ రాళ్లవాళ్లు. రాయికి ఉన్న పరపతి ఇరుకుకు లేదు.

చీటీ రాయాల్సింది విభాగానికి కాదు, ఆపరేషన్‌కి. కెమెరా గొట్టం పెట్టి ఇరుకును లోపల్నించే కోసే యురెత్రాటమీ సులువైనదే. ఇరుకు పొట్టిదైతే మొదటిసారి అది చేసి చూడటం న్యాయం. తిరగబెట్టాక కూడా మళ్లీ అదే కోత కోస్తే మచ్చ ముదరడం తప్ప లాభం తక్కువ. ముందుభాగంలో ఇరుకు ఇలా తిరగబెడితే సాగదీతలూ కోతలూ కట్టిపెట్టి, నాళాన్నే తిరిగి మలిచే యురెత్రోప్లాస్టీ చేయమని, అది చేయనివాళ్లు చేసేవాళ్ల దగ్గరికి పంపమని అమెరికా యూరాలజీ సంఘం 2016లోనే చెప్పింది. ఆ సర్జరీలో నాళానికి మాటు వేసేది చాలాసార్లు బుగ్గ లోపలి పొరతో. ఎప్పుడూ తడిగా ఉండి అలవాటైన పొర, వెంట్రుక మొలవదు, కోసినచోట త్వరగా మానుతుంది. పూర్వం చర్మం వాడితే లోపల వెంట్రుకలు మొలిచి, వాటికి రాళ్లు పట్టి, పాపం రోగి మళ్లీ రాళ్ల క్యూలోకే చేరేవాడు. ఆ పొరను అతికే పద్ధతుల్లో ఆగ్రా అసోపాది 2001లో, పుణె కులకర్ణిది 2009లో ప్రపంచానికెక్కాయి. కాబట్టి బుగ్గను ఆస్తిగా చూడటం నేర్చుకోవాలి. పెళ్లిచూపుల్లో బుగ్గ సొట్ట చూసి మురిసిపోయే పెద్దలు ఒకసారి పిల్లాడి నోరు తెరిపించి లోపల టార్చి వేయాలి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వల సంగతి వదిలేద్దాం, ఈ జబ్బు ఎక్కువగా మగవాళ్లది. కానీ గుట్కాతో బుగ్గ బిరుసెక్కి నోరే తెరవలేని కుర్రాడి దగ్గర సర్జనుకు దొరికేదేముంది? పొట్లం మీద క్యాన్సర్ బొమ్మ వేశారు గానీ, ‘ఈ బుగ్గ రేపు మీకే కావాలి’ అని రాయడం ఎవరికీ తట్టలేదు.

రిఫరల్ అనే గేటు తీసేస్తే జలుబుక్కూడా పెద్దాసుపత్రికే పోతారు, 1923 నుంచి మోస్తున్న కేజీహెచ్ నెత్తిన ఇంకెంత పెడతారు అంటారు. గేటు తీయమనడం లేదు, చీటీ మీద అడ్రసు సరిగా రాయమంటున్నాను. అడ్రసు లేకుండా వచ్చినవాడు పదేపదే వస్తాడు, భారం అదీ. ఈ ఆపరేషన్‌లో చెయ్యి తిరిగినవాళ్లు తక్కువ అన్న మాట నిజమే. తక్కువ కాబట్టే ఎవరి దగ్గరికో రాయాలి.

నవ్వులాట ఎలా ఉన్నా, ఈ ఇరుకు చాలామందికి ఎత్తు నుంచి పడో, బండి గుద్ది కటి ఎముక విరిగో, ఆస్పత్రిలో పెట్టిన గొట్టం వల్లో వచ్చేది. షిప్‌యార్డూ స్టీల్‌ప్లాంటూ ఉన్న ఊళ్లో ఇవి వింతలు కావు. పోయడానికి పది నిమిషాలు పడితే మేస్త్రీ ఏమంటాడోనని కాంట్రాక్టు కూలీ డ్యూటీలో నీళ్లు తాగడం మానేస్తాడు. ఇంట్లో అడిగితే నడుంనొప్పి అంటాడు. అతని తరఫున గట్టిగా మాట్లాడగలిగింది ఆ చీటీ ఒక్కటే. దాని నోట్లోనేమో రెండే మాటలు.

డాక్టరుకు తీరికెక్కడిది అనే చివరి అభ్యంతరం కూడా విన్నాను. అయిదు రకాల మాత్రలు రాసే తీరిక ఉందిగా! ఇంతకుముందు ఏం చేశారు, ఎప్పుడు చేశారు. రంగుమందు ఎక్స్‌రేలో ఇరుకు ఎక్కడ, ఎంత పొడుగు. ఫ్లో టెస్టులో సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు. 15 పైన ఉండాల్సిన ధార 5 దగ్గర పడకేస్తే అతనికి కావలసింది ఇంకో ఒపీనియన్ కాదు, ఆపరేషన్ తేదీ.